ముగ్గులో దాగిన గొంతు

ఆ కలం నేను అమ్మ కోసం కొన్నది కాదు. మా ఆఫీసులో పెద్దాయన మీటింగులో ఒకటి చెప్పి మర్నాడు ఇంకొకటి అంటాడు. ఆయన మీద ఒళ్లు మండి కొన్నాను. దాంతో రాస్తుంటే రాతతో పాటు చుట్టూ వినబడే మాటలు కూడా అందులోకి ఎక్కుతాయి. తర్వాత ఏ అక్షరం మీద మొన ఆనిస్తే, అది రాసేటప్పటి మాట మళ్లీ పలుకుతుంది. దానికి ప్రత్యేకంగా ఒక నోటుపుస్తకం ఉంది. కాగితం నిండా కంటికి ఆనీ ఆనని సన్నటి చుక్కలు. వాటిని నేనెప్పుడూ పట్టించుకోలేదు.

అమ్మ గొంతులో పుండు ముదిరిందనీ, మాట పుట్టే చోటే తీసేయాలనీ డాక్టరు చెప్పినప్పుడు ఆ కలం గుర్తొచ్చింది. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు. ఆపరేషనుకి పది రోజులుంది.

ఒకప్పుడు ఆ గొంతంటే నాకు సిగ్గు. బడి గేటు దగ్గర బెంగాలీ పిల్లల మధ్య నిలబడి ఉంటే, అమ్మ రోడ్డవతలి నుంచి మా శ్రీకాకుళం మాటలో కేకేసేది. నేను వినబడనట్టు నడిచిపోయేదాన్ని. ఇప్పుడా గొంతు పోతుందంటే నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మ కలకత్తా కార్పొరేషన్‌లో ముప్పై ఏళ్లు వీధులు ఊడ్చింది. పొద్దున్నే హాజరు వేసే బాబు పేరు పిలిస్తే పలకడం, జీతం రోజున వేలిముద్ర వేయడం, కాగితంతో ఆమెకున్న పని అంతే. అందుకే నేను పుస్తకం తెరిచి, ఏదైనా మాట్లాడమ్మా అనేసరికి, చీర కొంగు సర్దుకుని లేచి నిలబడింది. తన పేరు, మా నాన్న పేరు, వార్డు నంబరు చెప్పి ఊరుకుంది. మర్నాడూ అంతే. మూడో రోజు కూడా వార్డు నంబరు దగ్గరే ఆగింది. నాకు ఓపిక చచ్చి అరిచేశాను. రోజంతా నన్ను తిట్టడానికి ఉన్న నోరు ఇప్పుడేమైందన్నాను.

అమ్మ నొచ్చుకోలేదు.

"నువ్వు రాసుకుంటంటే నాకు బయమేస్తందే. ఏటి సెప్పాల? ఆ పెన్ను ఇటియ్యి," అంది.

రాయడం రాదు కదా అన్నాను. అమ్మ కాగితాన్ని కిటికీ వెలుగుకి పట్టి చూసింది.

"రాత రాదు. సుక్కలున్నాయి కదా."

వాటి మీదే పెద్ద చుక్కలు పెట్టుకుని, చుట్టూ మెలికలు తిప్పుతూ ముగ్గు మొదలెట్టింది. చెయ్యి నడవగానే నోరూ నడిచింది. నాన్న గురక, పక్కింటి బెంగాలీ మాషీతో తను పడ్డ కుళాయి తగువులు, వేళకు తినక చిక్కిపోయిన నా ఒళ్లు, అన్నీ వచ్చాయి. ముగ్గు అయ్యాక అందులో ఒక రేకు మీద కలం ఆనించి వినిపించాను. తన గొంతు విని అమ్మ పడీపడీ నవ్వింది. తర్వాత కలం లాక్కుని ఒక్కో గీతా తనే నొక్కి చూసుకుంది.

ఆపరేషన్ అయ్యాక ఆ పుస్తకాన్ని బీరువాలో చీరల కింద దాచేశాను. పోయిన గొంతు వింటే కుమిలిపోతుందనుకున్నాను. అమ్మ సైగలు చేసేది. నాకు సగం అర్థమయ్యేవి కావు, ఇద్దరం విసుక్కునేవాళ్లం.

ఒక సాయంత్రం ఆఫీసులో గొడవపడి వచ్చి, తిండి వద్దని ముసుగుతన్ని పడుకున్నాను. బీరువా చప్పుడైంది. నా తల దగ్గర అమ్మ గొంతు పలికింది.

"ఓలే, తిన్నావేటే? ముందు కంచం కాడ కూకో."

ముసుగు తీసి చూశాను. అమ్మ మంచం పక్కన నిలబడి ఉంది. మెడకు కట్టు, ఒక చేతిలో కలం, ఇంకో చేతిలో ముగ్గు దగ్గర తెరిచిన పుస్తకం. ఒక్క అక్షరం రాని మనిషికి ఏ గీత దగ్గర ఏమందో అంతా గుర్తుంది. నేను కదలకపోయేసరికి అదే గీతను ఇంకోసారి గట్టిగా పొడిచింది. అమ్మ గొంతు మళ్లీ కేకేసింది. కిటికీ తెరిచే ఉంది, కింద గల్లీ నిండా జనం.

"వత్తన్నానే అమ్మా," అన్నాను, వాళ్లందరికీ వినబడేలా.