ఇంగ్లీషు టీచరుకు గొంతు పోయిన నెల

దసరా సెలవులయ్యాక బడి తెరిచిన వారంలోనే నా గొంతు పోయింది. ఒక్కసారిగా పోలేదు. మొదట బొంగురుపోయింది. తర్వాత పొద్దున్న బాగానే ఉండి, మధ్యాహ్నానికి అరిగిపోయేది. చివరికి ఒకరోజు తొమ్మిదో తరగతిలో పాఠం చదువుతూ ఉంటే నోరు కదులుతోంది గానీ గాలి తప్ప ఇంకేమీ రావడం లేదు. ముందు బెంచీలో పిల్ల లేచి తన మంచినీళ్ళ సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

మాది సముద్రానికి దగ్గరగా ఉన్న ప్రభుత్వ హైస్కూలు. జాలరిపేట నుంచి, ఆ చుట్టుపక్కల కాలనీల నుంచి పిల్లలు వస్తారు. కిటికీలు తెరిస్తే గాలి హోరు, మూస్తే ఫ్యాన్ల గోల. వీటన్నిటి మీదుగా చివరి బెంచీ దాకా వినిపించాలని ఏళ్ళ తరబడి అరిచి పాఠాలు చెప్పాను. గొంతు డాక్టరు లోపలికి చూసి, మాట పుట్టేచోట చిన్న బొడిపెలు కట్టాయన్నాడు.

"నెల్లాళ్ళు ఒక్క మాట కూడా వద్దమ్మా. గుసగుసలు అసలే వద్దు, వాటికి ఇంకా ఎక్కువ శ్రమ పడుతుంది గొంతు. అప్పటికీ కరగకపోతే ఆపరేషన్ సంగతి చూద్దాం" అన్నాడు.

సెలవు చీటీ రాసి తీసుకువెళ్తే హెడ్మాస్టరుగారు దాన్ని చాలాసేపు చదివారు. మంచి మనిషి, ఇక్కడివారే. "నాను కాదనను మేడమ్. ఆరోగ్యం ముందు. కానీ మీరు ఇంటికాడ ఉంటే మీ మూడు క్లాసులూ ఖాళీగా కూచోవాల. ఇంగ్లీషుకి మనకింకెవరున్నారు?" అన్నారు. ఆ మాటలో ఒత్తిడి లేదు, ఉన్న సంగతే అది. నేను చీటీ వెనక్కి తిప్పి, "వస్తాను, మాట్లాడను" అని రాసి ఇచ్చాను. ఆయన అది చదివి, "ఇంగ్లీషు మాటాడకుండా ఎలాగ సెప్తారమ్మా?" అన్నారు. అది నాకూ తెలియదు.

ఇంట్లోనూ అదే ప్రశ్న. మావారిది పోర్టులో ఉద్యోగం. గోదావరి జిల్లా మనిషి, తక్కువ మాట్లాడతారు. నేను మాట్లాడడం మానేశాక ఆయనే ఇద్దరి వాటా మాట్లాడడం మొదలుపెట్టారు. "బడికెళ్ళి ఏం చేస్తావు? బొమ్మలా కూర్చుంటావా?" అని అడిగారు. వాళ్ళు చదువుతారు, నేను వింటాను అని కాగితం మీద రాశాను. రాసేటప్పుడు అదొక ఉపాయంలా అనిపించింది గానీ, మా ఇంటి దగ్గర గోపాలపట్నంలో బస్సెక్కి బడి చేరేదాకా మొదట బోర్డు మీద ఏం రాయాలో వెతుక్కుంటూనే ఉన్నాను.

అప్పటిదాకా నా క్లాసు ఎలా నడిచేదో చెప్పాలి. ముందు హోంవర్కు చూసేదాన్ని. జవాబులన్నీ గైడులోంచి దిగేవి కాబట్టి గైడులో ఒక అచ్చుతప్పు ఉంటే అది క్లాసు మొత్తం పుస్తకాల్లో ఉండేది. తర్వాత నేను పాఠం చదివేదాన్ని, అర్థాలు బోర్డు మీద రాసేదాన్ని, వాళ్ళు ఎక్కించుకునేవారు. ఇంగ్లీషంతా నా నోట్లోంచి వచ్చి వాళ్ళ పుస్తకాల్లోకి వెళ్ళేది. మధ్యలో వాళ్ళ నోటికి పెద్దగా పని ఉండేది కాదు.

మొదటిరోజు బోర్డు మీద ఇంగ్లీషులో నా సంగతి రాశాను. నా గొంతు బొంగురుపోయింది, ఒక నెల మాట్లాడకూడదు, మీరే సాయం చెయ్యాలి అని. బొంగురుకు ఇంగ్లీషులో వాడే మాటా, గుర్రానికి వాడే మాటా పలకడానికి ఒకలాగే, రెండూ 'హోర్స్' అనే ఉంటాయి. మూడో బెంచీలో కూర్చునే కుర్రాడు బోర్డు మీది మాటను కూడబలుక్కుని చదివి, పక్కవాడికి మెల్లగా తర్జుమా చేశాడు. "మేడమ్ గొంతు గుర్రం అయిపోనాదంట్రా." క్లాసంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది. నవ్వితే గొంతు కదులుతుందని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అది చూసి వాళ్ళు ఇంకా నవ్వారు. నేను గుర్రం బొమ్మ గీసి, దాని పక్కన ఆ మాట, దూరంగా నా బొమ్మ గీసి దాని పక్కన ఈ మాట రాశాను. అక్షరాల్లో తేడా ఎక్కడుందో వాళ్ళే వెతికి పట్టుకున్నారు. ఆ రెండు మాటలూ ఆ క్లాసులో ఎవరూ ఇంక మర్చిపోయి ఉండరు.

తర్వాత పాఠం. క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయిని చదవమని సైగ చేశాను. తప్పుల్లేకుండా చదివింది గానీ రెండో బెంచీ దాటి వినపడలేదు. "ఏటీ వినపడతం నేదు మేడమ్" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అన్నది చివరి బెంచీలో కూర్చునే పొడుగుపిల్ల. నేను వేలు చూపించి, నువ్వే చదువు అన్నట్టు చెయ్యి తిప్పాను.

ఆ పిల్ల వాళ్ళమ్మ తట్టలో చేపలు పెట్టుకుని వీధుల్లో అమ్ముతుంది. బడి వదిలాక పిల్ల కూడా అమ్మతో తిరుగుతుంది. మూడో అంతస్తులో ఉన్నవాళ్ళకు కింద వీధిలోంచి వినిపించాలి కాబట్టి ఆ కేక అలవాటైన గొంతు. ఆ పిల్ల పుస్తకం పట్టుకుని లేచి చదవడం మొదలుపెడితే వరండాలో నడిచిపోతున్న లెక్కల మాస్టారు ఆగి లోపలికి తొంగిచూశారు. మొదటి రెండు వాక్యాలూ బాగానే సాగాయి. మూడో వాక్యంలో 'చిల్డ్రన్' అని ఉంది, ఆ వెంటనే 'చైర్' అని ఉంది. "సిల్డ్రన్" అంది. "సైర్" అంది. నవ్వులు మొదలయ్యాయి.

మామూలుగా అయితే నవ్వినవాళ్ళను కసిరేదాన్ని. ఇప్పుడు డస్టరుతో బల్ల మీద కొట్టడం తప్ప దారి లేదు. అది కొట్టేలోపే ఆ పిల్ల పుస్తకం దించి వాళ్ళ వైపు తిరిగింది. కోపం లేదు, ఏడుపు లేదు.

"నవ్వినోళ్ళు తరవాత లైను సదవాల" అంది.

నవ్వినవాళ్ళలో ముందు దొరికింది మూడో బెంచీ కుర్రాడు. "నానెందుకు?" అన్నాడు. "నువ్వే కదా నవ్వినావ్, సదువు" అని అందరూ అన్నారు. అతను లేచి తరవాతి లైను చదివాడు. దానిలో అతను తప్పు పలికాడు, ఇంకొకరు నవ్వారు, ఆ నవ్వినవాళ్ళు లేచారు. బెల్లు కొట్టేసరికి మొదటి పేజీ అయింది. నా చేతిలో అదే పేజీ పది నిమిషాల్లో అయిపోయేది. కానీ ఆరోజు ఇంగ్లీషు పైకి చదివినవాళ్ళలో కొందరి గొంతు నేను జూన్ నుంచి హాజరు పలకడంలో తప్ప విననేలేదు.

ఆ నియమం నిలబడిపోయింది. కొందరు చదవాలనే కావాలని నవ్వడం కూడా మొదలుపెట్టారు.

హోంవర్కు మారక తప్పలేదు. అర్థాలు నేను చెప్పలేను కాబట్టి రేపటి పాఠంలో తెలియని మాటలకు ఇంటి దగ్గరే అర్థాలు వెతుక్కుని రావాలని బోర్డు మీద రాశాను. ఒకరు ఫోన్లో చూసి వచ్చేవారు, ఒకరు అక్కను అడిగి వచ్చేవారు, ఒకరు గైడు పట్టుకుని వచ్చేవారు. ముగ్గురివీ మూడు అర్థాలు. ఏది ఈ వాక్యంలో అతుకుతుందో వాళ్ళు వాదించుకునేవారు. నేను చివరి బెంచీలో ఖాళీ చూసుకుని కూర్చునేదాన్ని. వాదన మరీ దారితప్పితే లేచి బోర్డు మీద ఒక మాట రాసి మళ్ళీ కూర్చునేదాన్ని. రోజంతా మాట్లాడకపోవడం వల్లనేమో, ఎవరు ఎక్కడ తడబడుతున్నారో నాకు స్పష్టంగా వినిపించేది.

ఆ పొడుగుపిల్లకు 'చ' పలకడం నేర్పాను. గొంతు అక్కర్లేని పని అది. అరచెయ్యి నోటిముందు పెట్టుకుని గాలి ఎలా తగలాలో చూపించాను. పిల్ల కూడా చెయ్యి పెట్టుకుని ప్రయత్నించింది. రెండు మూడు రోజుల్లో 'చైర్' వచ్చేసింది. అప్పుడు నా దగ్గరకొచ్చి నిలబడి అడిగింది.

"మేడమ్, మరి మాం ఇంటికాడ సేప అనే అంటాం. అదీ తప్పేటి?"

ఆ మాట వినగానే నాకు నా చిన్నతనం గుర్తొచ్చింది. మా నాన్నది కృష్ణా జిల్లా. స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను క్వార్టర్లలో పెరిగాను. బడిలో నా మాట తీరు వేరుగా ఉందని తోటిపిల్లలు వెక్కిరిస్తే, ఇంటికెళ్ళి నాన్న ముందు 'నాను', 'ఏటి' అని మాట్లాడాను. ఆయన తినే అన్నం ఆపి నావంక అయోమయంగా చూశారు. నేను ఎవరి దగ్గర ఎలా మాట్లాడాలో తేల్చుకునేసరికి ఏళ్ళు పట్టింది.

సుద్దముక్క తీసుకుని బోర్డు మీద తెలుగులోనే రాశాను. "తప్పు కాదు. ఇంటి దగ్గర సేప. ఇంగ్లీషులో చైర్. రెండూ నీవే." పిల్ల అది చదువుకుని, "అలాగైతే సరే" అని వెళ్ళి కూర్చుంది.

నెల సగం దాటాక, ఒకరోజు చెప్పాపెట్టకుండా పై అధికారి బడి తనిఖీకి వచ్చారు. హెడ్మాస్టరుగారు ఆఫీసు గదిలో రిజిస్టర్లు తీయిస్తూ ఉండగా ఆయన ఒక్కరే మా క్లాసులోకి వచ్చేశారు. టీచరు కుర్చీ ఖాళీగా ఉంది. ఒక పిల్ల నిలబడి పెద్దగా పాఠం చదువుతోంది. నేను చివరి బెంచీలో ఇద్దరు పిల్లల మధ్య ఉన్నాను. గబగబా లేచి నమస్కారం పెట్టాను.

"ఏమ్మా, పాఠం ఎవరు చెబుతున్నారు?" అని అడిగారు. నేను గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా తిప్పాను. ఆయనకు అర్థం కాలేదు. ముఖం కాస్త బిగుసుకుంది. నేను కాగితం కోసం వెతుక్కుంటూ ఉండగానే పొడుగుపిల్ల ఇంగ్లీషులో అందుకుంది.

"సార్, మేడమ్ త్రోట్ పెయినింగ్. డాక్టర్ టోల్డ్ నో టాక్. సో వుయ్ ఆర్ టాకింగ్."

"దెన్ హూ ఈజ్ టీచింగ్?" అన్నారు ఆయన.

పిల్ల ఆలోచించింది. "మేడమ్ ఓన్లీ సార్. మేడమ్ ఈజ్ అవర్ టీసర్." కంగారులో 'చ' జారిపోయింది.

అధికారి ఫక్కున నవ్వారు. వెక్కిరింత కాదది, కానీ నవ్వు నవ్వే. మూడో బెంచీ కుర్రాడు లేచి, చేతులు కట్టుకుని చాలా వినయంగా అన్నాడు. "సార్, మా క్లాసులో నవ్వినోళ్ళు తరవాత లైను సదవాల సార్."

ఆపమని నేను చెయ్యి ఎత్తేలోపే ఆ మాట అనేశాడు. నోరు తెరిచి సర్దిచెప్పే వీలు కూడా లేదు. ఆయన ఆ కుర్రాడివంక చూశారు, నావంక చూశారు. "ఏ లైను?" అన్నారు. పొడుగుపిల్ల వెళ్ళి తన పుస్తకం చేతికిచ్చి వేలు పెట్టి చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆ లైను చదివారు, ఆ తర్వాతది కూడా చదివారు. తర్వాత ఎవరు అని అడిగితే చాలా చేతులు లేచాయి. హెడ్మాస్టరుగారు రొప్పుకుంటూ వచ్చేసరికి ఆయన ముందు బెంచీలో కూర్చుని వింటున్నారు. వెళ్ళేటప్పుడు నాతో, "గొంతు జాగ్రత్తమ్మా" అన్నారు. రిపోర్టులో ఏం రాశారో నాకు తెలియదు. ఇబ్బంది మాత్రం ఏమీ రాలేదు.

నెల నిండాక డాక్టరు చూసి, బొడిపెలు బాగా తగ్గాయి, ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. మెల్లగా, కొంచెం కొంచెం మాట్లాడొచ్చన్నాడు. ఆ సాయంత్రం పూర్ణా మార్కెట్‌లో కూరలు తీసుకుంటుంటే ఎవరో కొంగు పట్టుకుని ఆపారు. చూస్తే ఆ పొడుగుపిల్ల వాళ్ళమ్మ. ఎప్పుడో మీటింగుకు వచ్చినప్పుడు చూశాను.

"మేడమ్, మీకో మాట సెప్పాల. మా పిల్ల ఇంటికాడ కూడా అదే గొంతేసుకుని సదువుతాంది. ఆల్ల నాన్న రాత్రల్లా సేపల ఏటకెల్లొచ్చి పగలు తొంగుంటాడు కదా, నిద్దరట్టక సంపేత్తన్నాడు నన్ను. ఆడపిల్లకి అంత గొంతేటని పక్కింటోళ్ళు కూడా అంటన్నారు. కాత్త మెల్లగా సదవమని మీరు సెప్పండమ్మా."

చాలా రోజుల తర్వాత బయటి మనిషితో మాట్లాడబోతున్నాను. గొంతు సవరించుకోకూడదని డాక్టరు చెప్పింది గుర్తుంచుకుని, ఉన్నంతలో అన్నాను. "నెలరోజులు మా క్లాసు ఆ గొంతు మీదే నడిచిందమ్మా. మెల్లగా చదవమని నేను చెప్పలేను. పగలు బయట కూర్చుని చదువుకోమంటాను."

ఆవిడ నా కొంగు వదిలింది. మాట అర్థమయిందో, నా గొంతు గరగరకు జాలిపడిందో తెలియదు. "మీ గొంతేటి అలాగయిపోనాది. మిరియాల పాలు తాగండి" అని చెప్పి తట్ట సర్దుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి పిల్ల ఒడ్డున పడవ నీడలో కూర్చుని చదువుకుంటోందని తోటిపిల్లలు చెప్పారు.

నా గొంతు పూర్తిగా మునుపటిలా రాలేదు. ఒక మెట్టు కిందికి దిగి అక్కడే ఉండిపోయింది. పాఠం మొదట నేను చదివే అలవాటు మాత్రం మళ్ళీ పెట్టుకోలేదు. తర్వాత వచ్చిన తొమ్మిదో తరగతుల్లో ఒకటి చురుగ్గా ఉంది, ఒకటి ఎంత కదిపినా కదల్లేదు. అన్ని క్లాసులకూ అదే మందు పని చేస్తుందని నేను అనుకోవడం లేదు.

ఆ పొడుగుపిల్ల పది పాసయింది. ఇప్పుడు ఇంటర్‌లో ఉంది. సాయంత్రం ట్యూషన్‌కు బస్టాండు కాంప్లెక్సు వైపు వెళ్తూ అప్పుడప్పుడు నేనెక్కిన బస్సే ఎక్కుతుంది. పోయినవారం నా పక్క సీటు ఖాళీగా ఉంటే వచ్చి కూర్చుని, సంచిలోంచి ఎకనామిక్స్ పుస్తకం తీసింది. "మేడమ్, ఇది ఇంగ్లీషులో ఉంది గానీ నాకు ఇంగ్లీషులాగా అనిపించతం నేదు" అంది. నాకూ అనిపించలేదు. ఇద్దరం ఒకే పుస్తకం పట్టుకుని ఒక్కో వాక్యం విడదీసుకుంటూ చదివాం. ఆమె దిగాల్సిన స్టాపు వచ్చేసరికి ఇంకా అరపేజీ మిగిలింది.