చేదు చూడని దోసకాయ పప్పు

నోయిడాలో ఒక అపార్ట్‌మెంట్ సొసైటీలోని తెలుగువాళ్ళందరి నోళ్ళనూ ఒకే పూటలో పాడుచేసిన ఘనత నాది. అందుకు నాకు కావలసివచ్చింది ఒక గుండిగ పప్పు, దానికి సరిపడా పొగరు. మీ భోజనం అయ్యాకే ఇది చదవండి, లేకపోతే పాపం నాకు తగులుతుంది.

అప్పటికి నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి రైతునయ్యాను. ఊరికే వదల్లేదు. "మీరంతా తెరలు చూస్తూ బతకండి, నేను మట్టిని చూస్తూ బతుకుతాను" అని ఆఫీసులో ఉపన్యాసమిచ్చి మరీ వదిలాను. నోయిడా దాటాక యమున పక్కన కాస్త పొలం కౌలుకి తీసుకుని, ఢిల్లీ తెలుగువాళ్ళు మొహం వాచి ఉన్న పచ్చటి పప్పు దోసకాయ వేశాను. ఇక మట్టిని ఎక్కడ చూశాను? రోజంతా ఫోన్ తెరలో నా పొలం వీడియోలు చూసుకోవడమే సరిపోయింది. మే నెల వడగాడ్పులకి పాదులు సొమ్మసిల్లితే, ముందు దాని మీద వీడియో తీశాను. నీళ్ళు పెట్టాలని తర్వాత గుర్తొచ్చింది.

నా భార్య శిరీష ఇంకా ఉద్యోగంలోనే ఉంది. "నువ్వూ మానేసి వచ్చెయ్. ఇద్దరం కలిసి చేద్దాం" అని రోజూ ఆమె ప్రాణం తీసేవాణ్ణి.

"ఇంట్లో మిగిలింది ఒక్క జీతం" అనేది తను. "సొసైటీవాళ్ళు వారం వారం మన కూరగాయలే తీసుకుంటామంటే అప్పుడు ఆలోచిస్తా."

వాళ్ళ చేత ఆ మాట అనిపించడానికే ఒక ఆదివారం క్లబ్‌హౌస్‌లో భోజనాలు పెట్టాను. వంట పెద్దరికం రమణమ్మ ఆంటీది. ఢిల్లీ సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో కాపురం చేసి, ఇప్పుడు మా సొసైటీలో కూతురి దగ్గర ఉంటున్నారు. ఆవిడ మొదటి కాయ తరిగి, చిన్న ముక్క నోటి దాకా తీసుకెళ్ళారు.

"అదేంటాంటీ?"

"చేదు చూస్తన్నా నాయనా. దోసకాయ కదా."

"చేదు చూడ్డానికి ఇవేమైనా మార్కెట్ కాయలా? మందు చుక్క పడలేదు వీటి మీద!"

"మందుకీ చేదుకీ ఏంటయ్యా సంబంధం? ఒక్క కాయ చేదు తగిలితే గుండిగంతా పోద్ది."

"నా కాయని అనుమానిస్తే నన్ను అనుమానించినట్టే ఆంటీ!"

తెలుగిళ్ళలో దోసకాయ కోసిన చెయ్యి ముందుగా నాలిక మీదికి వెళ్తుంది. మా అమ్మ అలాగే చేసేది, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నేనూ అలాగే చేశాను. రైతునయ్యాక మాత్రం నాకది అవమానంగా తోచింది. ఆంటీ చేతిలో ముక్క లాక్కుని గుండిగలో పడేశాను.

"ఠీక్ హై బాబూ, నీ ఇష్టం" అన్నారావిడ. ఆ తర్వాత ఒక్క కాయనీ ఎవరూ రుచి చూడలేదు.

విస్తళ్ళ ముందు మైకు పట్టుకున్నాను. "ఇందులో రసాయనం లేదు, కల్తీ లేదు. హామీ నాది!" చప్పట్లు మోగాయి. తర్వాత మొదటి ముద్దలు నోళ్ళలోకి వెళ్ళాయి.

చేతులన్నీ మంచినీళ్ళ గ్లాసుల వైపు వెళ్ళాయి.

"కాకరకాయ పప్పా బాబూ? కొత్తగా ఉందే" అన్నారొక అంకుల్.

"షుగరున్నవాళ్ళకి మంచిదిలెండి" అని ఆయన భార్య సర్దిచెప్పింది.

మర్యాదతో మనిషిని చంపడం మనవాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రమణమ్మ ఆంటీ మనవరాలికి మాత్రం ఆ మర్యాద ఇంకా అబ్బలేదు. "అమ్మమ్మా, యే తో కడ్వా హై!" అని ఆ చేదు సంగతి హాలంతా వినపడేలా అరిచింది. దాంతో అందరూ హాయిగా పెరుగు మీద పడ్డారు. నేనూ ఒక ముద్ద తిన్నాను. మింగడం నా వల్ల కాలేదు.

"మరి కూరగాయల సంగతి..." అని గుమ్మం దగ్గర నిలబడి వెళ్ళేవాళ్ళందరినీ అడిగాను. "గ్రూపులో చెప్తాంలెండి" అన్నారు. సాయంత్రం గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెట్టారు.

అందరూ వెళ్ళాక శిరీష, నేను గుండిగ పట్టుకుని పప్పు పారబోస్తున్నాం. "పోన్లే, నీ ఉద్యోగం ఉందిగా" అన్నాను నవ్వబోతూ.

"లేదు" అంది. "శుక్రవారమే రాజీనామా ఇచ్చేశా. భోజనాలయ్యాక నీకు చెప్దామనుకున్నా."

"ఇవాళ్టి సంగతి చూడకుండానేనా?"

"నువ్వంత గట్టిగా చెప్తుంటే, నేనింకా రుచి చూడ్డమేంటనుకున్నా."

ఆ మాటతో పోలిస్తే పప్పే నయం.

సోమవారం శిరీష రాజీనామా వెనక్కి తీసుకుంటానని వెళ్తే, ఆమె సీటుకి అప్పటికే మనిషిని చూసుకున్నామన్నారు. కౌలు వదులుకున్నాం. ఉపన్యాసమిచ్చిన ఆఫీసుకే నేను తలవంచుకుని వెళ్తే నవ్వుతూ చేర్చుకున్నారు. నేను వదిలేసిన ఉద్యోగం నాకు దొరికింది. నా మాట నమ్మి ఆమె వదిలేసిన ఉద్యోగం ఆమెకి ఇంకా దొరకలేదు. దీనికి నాకు నవ్వు రాదు, మీకు వస్తే నవ్వుకోండి.

ఇప్పటికీ మా ఇంట్లో దోసకాయ కోసినప్పుడల్లా శిరీష మొదటి ముక్క నా చేతిలో పెట్టి నా మొహంకేసి చూస్తుంది. అందుకే పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: దోసకాయకైనా సరే, నా మాటకైనా సరే, బాగా నమిలి మింగాకే ఇకపై హామీ ఇస్తాను.