ఉష గొలుసు తిప్పింది

మేముండేది మెల్‌బోర్న్‌లోని వెర్రిబీలో. పదేళ్లుగా పోకరే నా ఉద్యోగం. ఇంట్లో మాత్రం దాన్ని ఇప్పటికీ పేకాటే అంటారు. నా తోడికోడలు ఉష నర్సు. నా దగ్గరే సరదాగా ఆట నేర్చుకుంది. పోయినేడాది పెద్ద టోర్నమెంటులో చివరి రోజు నా బల్ల దగ్గరికే వచ్చి కూర్చుంది. తను గెలిచినప్పుడల్లా వెనక నుంచి మా అత్తగారి చప్పట్లు! నాకు ఒక్కనాడైనా కొట్టారా? నా కడుపు మండిపోయింది.

ఇంతలో ఉష తన చిప్స్, అంటే పందెం బిళ్లలు, అన్నీ పందెంలోకి తోసి, మెడలో గొలుసు తిప్పసాగింది. అత్తగారి కప్పు పగలగొట్టి "నాకు తెలీదు" అన్నప్పుడూ అలాగే తిప్పింది. మంచి ముక్కలున్నట్టు నటిస్తోంది, అబద్ధమే అనుకున్నాను. నా చేతిలో రాణుల జత ఉంది. నావీ మొత్తం తోశాను.

ఉష ముక్కలు తిరగేసింది. రెండూ ఆసులే. నా ఆట అయిపోయింది.

కార్ పార్కులో అడిగాను. "అంత మంచి ముక్కలుంటే గొలుసెందుకు తిప్పావే?"

"టెన్షన్ అక్కా! నువ్వూ మొత్తం పెట్టి కాల్ చేస్తే అవుట్ అయిపోతావు కదా. ప్లీజ్, అక్క ముక్కలు పడేసి ఫోల్డ్ చేసెయ్యాలి అని దేవుడికి దండం పెట్టుకున్నా."

ఓటమి ఎప్పుడో మరిచిపోయాను. ఆ దండాన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.