ధర్మ సంతకం

కృపావతి కెనడా ప్రయాణానికి అన్ని కాగితాలూ కుదిరాయి, మొగుడి సంతకం ఒక్కటి తప్ప.

ఆమెది జి.మాడుగుల పైన ఒక కొండ ఊరు. మిషన్ హాస్టల్లో పెరిగి, నర్సింగ్ చదివి, విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో చేరింది. నైట్ డ్యూటీలు చేస్తూ పగలు ఇంగ్లీషు పరీక్షకు చదివింది. రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కింది. పర్మనెంట్ రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టుకోమని పిలుపు వచ్చిన రోజు డ్రెస్సింగ్ రూములో తలుపేసుకుని ఏడ్చింది. వయసు పెరిగేకొద్దీ కెనడా వాళ్లిచ్చే మార్కులు తగ్గిపోతాయి. ఈ పిలుపు చేజారితే ఇంకోటి రాదు.

కన్సల్టెన్సీలో నాగమణి ఫైలంతా తిరగేసి, "పాపని తీసుకెళ్తున్నారు కదండీ, తండ్రి ఒప్పుకున్నట్టు నోటరీ దగ్గర సంతకం కావాలి" అంది.

"ఆయన మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయారండి."

"వదిలేసినా తండ్రే కదండీ. లేదంటే కోర్టు ఆర్డరు తేవాలి. అది మీ గడువులోపు తేలదు."

ఆమె మొగుడు ధర్మ జీపు డ్రైవరు. పట్నంలో తనకు ఊపిరాడటం లేదని రోజూ గొడవపడేవాడు. కూతురు గాయత్రి ఒకటో తరగతిలో ఉండగా ఒకరోజు బట్టలు సర్దుకుని వెళ్లిపోయాడు. కొయ్యూరు పైన ఒక కొండ ఊళ్లో ఇంకొకామెతో ఉంటున్నాడని తర్వాత తెలిసింది. చచ్చినా అతని గుమ్మం తొక్కనని కృపావతి ఆనాడే అనుకుంది. ఇప్పుడు ఫోను చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదు.

గాయత్రిని తోటి నర్సు ఇంట్లో ఉంచి బయలుదేరింది. ఎలా అడగాలో బస్సులో మాటలు కూర్చుకుంది. తిట్టకూడదు, పాత సంగతులెత్తకూడదు. బతిమాలితే చాలు, పెడతాడు. కొయ్యూరులో దిగి ఆటో పట్టుకుంది. ఆటో ఎక్కలేని చోట దిగి, జారుడు దారిలో నడిచింది.

ఇంటి అరుగు మీద ఒకామె అడ్డాకులతో విస్తర్లు కుడుతోంది. పక్కన చిన్నపాప పుల్లలతో ఆడుకుంటోంది. పాప తలెత్తేసరికి కృపావతి చూపు ఆ ముఖం మీదే నిలిచిపోయింది. అచ్చం గాయత్రి నుదురే.

"ధర్మ ఇల్లు ఇదేనా?"

"నువ్వెవరివి?"

"కృపావతిని."

ఆమె చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. ఆమె పేరు చిట్టెమ్మ. "ఇప్పుడొచ్చినావా అప్పా" అంది మెల్లిగా, అక్కను పిలిచినట్టు. "ఆడు పోయి రెండేళ్లవతంది."

"ఎక్కడికి పోయాడు?"

చిట్టెమ్మ చేను గట్టున సమాధి మీద నిలబెట్టిన రాయివైపు చూసింది. అప్పటికి గాని కృపావతికి అర్థం కాలేదు. అరుగుమీద కూలబడింది.

"జొరం తలకెక్కింది" అంది చిట్టెమ్మ. "డోలీ కట్టి ఆస్పత్రికి దించుతున్నారు. సగం దోవలోనే పానం పోయింది."

"నాకు ఫోను చెయ్యాల్సింది. అలాంటి వాళ్లనే రోజూ చూస్తాను నేను."

"సేత్తానన్నాను. ఏ మొకం పెట్టుకుని పిలుత్తానే, వొద్దన్నాడు."

కృపావతికి ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులోనే ఒక ఆలోచన వచ్చింది: చనిపోయినట్టు సర్టిఫికెట్ ఉంటే సంతకంతో పనిలేదు. తన మీద తనకే రోత పుట్టింది. అయినా కళ్లు తుడుచుకుని అడిగింది.

"చావు రాయించావా?"

చిట్టెమ్మ పాపను దగ్గరికి లాక్కుంది. "లేదు. ఈ పోడు చేను పట్టా ఆడి పేరునుంది. సచ్చాడని రాయిత్తే పెళ్లామెవరంతారు. చర్చిలో పెళ్లాడింది నిన్ను. ఈ గుంటనేసుకుని నానెక్కడికి పోవాలి?"

"నాకు భూమి వద్దు చిట్టెమ్మా. నువ్వు వచ్చి చెబితే చాలు."

"ఇప్పుడొద్దంతావు. రేపు నీ గుంట వొచ్చి అడిగితే నానేటి సెప్పాల?"

ఆ రోజు ఎంత చెప్పినా వినలేదు. ఆలస్యంగా చావు నమోదు చేయించాలంటే పోయినప్పుడు దగ్గరున్న మనిషి పాడేరు ఆఫీసుకు వచ్చి వాంగ్మూలం ఇవ్వాలి. చిట్టెమ్మ రానిదే పని జరగదు. కృపావతి ఉత్త చేతులతో తిరిగి వెళ్లింది. సెలవు లేదన్న సూపర్‌వైజరుకు చేతులు జోడించి, మళ్లీ వచ్చింది. ఈసారి వానలో తడిసి ముద్దయి వచ్చి, గుమ్మంలోనే చిట్టెమ్మ కాళ్లు పట్టుకుంది. చిట్టెమ్మ బెదిరిపోయి వెనక్కి తగ్గింది.

"లెగప్పా. అలా సెయ్యకు. నాకు బయం."

"నాకూ భయమే. గడువు దాటితే నా బతుకింక ఇంతే."

ఊరిపెద్ద బుధు వచ్చాడు. ఇద్దరి మాటా విని, చుట్ట ఆర్పి కృపావతితో అన్నాడు. "నీకూ నీ బిడ్డకీ ఈ బూమిలో అక్కు లేదని రాసియ్యమ్మా. ఆయమ్మ వొత్తాది."

అది చట్టం ముందు ఎంత నిలుస్తుందో అక్కడ ఎవరికీ తెలీదు. ఊరి ముందు మాత్రం నిలుస్తుంది. కృపావతికి కొండల్లో తనవాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. గాయత్రికి ఈ మన్యంలో నాది అని చెప్పుకోడానికి ఉన్నదల్లా ఈ నేల చెక్కే. బిడ్డను అడక్కుండా బిడ్డ వాటా రాసిస్తున్నానని తెలుసు. తెలిసే సంతకం పెట్టింది. 

మాట ప్రకారం చిట్టెమ్మ పాపను చంకనేసుకుని పాడేరు వచ్చింది. ఆఫీసులో ఆమె చెప్పిందంతా రాసుకుని, "మృతుడి భార్య ఎవరు?" అని అడిగారు.  చిట్టెమ్మ తల వంచుకుని, "ఆ అప్పే" అంది. కృపావతి ఆమె ముఖం చూడలేకపోయింది.

గడువుకు ముందురోజు సర్టిఫికెట్ చేతికొచ్చింది. నాగమణి దాన్ని అప్‌లోడ్ చేస్తూ, "హమ్మయ్య, గట్టెక్కారండీ" అంది. కృపావతి తలూపింది. ఆ సాయంత్రం గాయత్రిని పక్కన కూర్చోబెట్టుకుని తండ్రి సంగతి చెప్పింది. పిల్ల ఏడవలేదు. "మనం కెనడా వెళ్లేది నాన్న చచ్చిపోయాడు కాబట్టా?" అని అడిగింది. కాదని కృపావతి రెండుసార్లు చెప్పింది. చెప్పాక కూడా పిల్ల నమ్మినట్టు కనిపించలేదు.

చలికాలంలో వీసాలు వచ్చాయి. టిక్కెట్లు కొన్నాక గాయత్రి, నాన్న రాయి చూస్తానని పట్టుపట్టింది. తప్పక తీసుకెళ్లింది. చిట్టెమ్మ ఇద్దరికీ చోడి అంబలి పోసింది. గాయత్రి చెల్లెల్ని ఎత్తుకుని గట్టంతా తిరిగి, తల్లి దగ్గరికొచ్చింది.

"అమ్మా, ఈ చేను నాన్నదేనా?"

"అవును."

"అయితే మనదేనా?"

చిట్టెమ్మ గిన్నెలు కడగడం ఆపింది. కృపావతి, "కాదమ్మా. మీ చెల్లిది" అంది.

గాయత్రి పాపను దించి, రాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు నిలబడింది. కొయ్యూరులో బస్సు వెళ్లిపోతుందని తెలిసినా, కృపావతి కూతుర్ని పిలవలేదు. చివరికి చిట్టెమ్మే వెళ్లి, పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.