సుందర్ రాజు మామ ఎర్రజెండా

నీళ్ళు కనిపిస్తే చాలు, ఎర్రజెండా పాతాలి. అదీ మా సుందర్ రాజు మామ జబ్బు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో రైలు పెట్టెల కింద దూరి పనిచేసిన మనిషి. అక్కడ జెండా పెట్టినవాడే తియ్యాలి, అంతవరకూ పెట్టె కదలకూడదు. రిటైరయ్యాక మేముండే న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో వానగుంటకి జెండా, ఇంట్లో నీళ్ళతొట్టికి జెండా!

"నాను తానం సెయ్యాలా, వొద్దా?" అని ఎలీసమ్మత్త అరిచేది.

"తొట్టి ఇంకా సెక్ అవ్వలేదే!"

పోయినేడు సాగర్ దీవికి పిక్నిక్ వెళ్ళినప్పుడూ పాతాడు. "అల రైలుపెట్టె బఫరంత ఎత్తు లెగస్తంది, నీరు లోనికి లాగతంది, ఎవులూ దిగొద్దు!" మేం పగలబడి నవ్వాం. మా జట్టులో మోహనకృష్ణ ఆ జెండా పీకేసి, "మామా, నీ డ్యూటీ అయిపోనాది" అంటూ నీళ్ళలోకి పరిగెత్తాడు. మర్నాడు శవం దొరికింది.

ఈ ఏడు సంవత్సరీకానికి మోహనకృష్ణ భార్య గంగాభవాని అక్కడికే వెళ్దామంది. తోడుగా మేమందరం వెళ్ళాం. కూతురు స్వాతి తండ్రికి పువ్వులు వదలాలి. తండ్రి పోయినప్పట్నుంచీ నెత్తిన చెంబుడు నీళ్ళు పోసినా కెవ్వుమనే పిల్ల, ఇసకలో బిగుసుకుపోయింది.

"నాన్నకి పువ్వులెయ్యవేటే?" అని తల్లి ఒకటే ఏడుపు.

మామ సంచిలోంచి జెండా తీశాడు. నాకు ఒళ్ళు మండింది. "ఇయాలైనా ఆ గుడ్డ దాసెయ్ మామా! అలలే లేవు!"

నన్ను పట్టించుకోకుండా జెండా స్వాతి చేతికిచ్చాడు. "పాతమ్మా. నువ్వే తియ్యాల. తియ్యకపోతే ఇంటికెల్లిపోదుము, ఎవులూ ఏటీ అనరు."

పిల్ల పాతింది. అందరం ఎండలో కూలబడ్డాం. లాంచీ వేళవుతోందని, సంవత్సరీకం జరిపించడానికొచ్చిన పంతులుగారు లేవబోయారు.

"జెండా మీరెట్టినారా? కాదు గదా, కూకోండి!"

మామ ఆ పిల్ల పక్కనే కూర్చుని వచ్చిన ప్రతి అలనీ చూపించి, రైలు పట్టాకంటే ఎత్తు లేదని చెప్పాడు. ఎండ వాలాక స్వాతే అడిగింది. "తాతా, అన్నీ పట్టా అంతే ఉన్నాయి గదా?"

"అంతేనమ్మా."

జెండా పీకింది. అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళి పువ్వులు వదిలింది. వెనక్కి తిరిగి, "నువ్వూ రా తాతా" అంది.

ఆరడుగుల మనిషి తల దించుకున్నాడు. "నాకు ఈత రాదమ్మా. వొచ్చుంటే ఆ రోజు మీ నాన్న కోసం దూకీవోణ్ణి."

స్వాతి వచ్చి ఆయన వేలు పట్టుకుంది. "నాను పట్టుకుంటాను గదా!"

చీలమండలు మునగని నీళ్ళలో మామ గజగజ వణుకుతూ నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళకి నీళ్ళలో కాలెట్టినాడు, ఎవులైనా ఫొటో తియ్యండర్రా!" అని ఎలీసమ్మత్త కేకేసింది.

ఏడుస్తున్న గంగాభవాని ఫక్కున నవ్వేసింది.