బాలమ్మోళ్ల ఇంటిపేరు

పక్క ఫ్లాటులో ఎవరో కందులు వేయిస్తున్నారు. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు తాండూరు దగ్గరి మా ఊరు, నాపరాళ్లు పరిచిన మా అమ్మమ్మ వాకిలి, వేయించిన కందులు ఇసుర్రాయిలో విసురుతూ ఒకరినొకరు ఆటపట్టించుకునే మా ఇంటి ఆడవాళ్లు గుర్తొస్తారు. ఆ వెంటనే కోపమూ వస్తుంది, డెబ్బై ఏళ్లయినా చల్లారని కోపం.

ఊళ్లో మమ్మల్ని బాలమ్మోళ్లు అనేవారు. బాలమ్మ మా అమ్మమ్మకు అమ్మమ్మ. ఆమె నాటినుంచి మా ఇంట్లో ఆడపిల్ల అత్తగారింటికి పోదు, అల్లుడే తన నాగలి భుజాన వేసుకొని మా గడప దాటుతాడు, మగపిల్లవాడు తన వంతు ఎడ్లను తోలుకొని పెండ్లాం ఊరికి పోతాడు, ఇల్లూ, కందులు పండే చెల్కా కూతురికే దక్కుతాయి. మా నాయన అలాగే మోమిన్‌పేట్ నుంచి వచ్చాడు. మా మేనమామ అలాగే కోట్‌పల్లికి పోయాడు. బోనాలనాడు మొదటి బోనం మా ఇంటి ఆడపడుచే ఎత్తేది, పిల్లలం పసుపు కాళ్లతో ఆమె వెంట పరుగెత్తి, సాయంత్రం బెల్లమన్నం తిని చీకటిపడేదాకా వాకిట్లో గచ్చకాయలాడేవాళ్లం.

నిజాం రాజ్యం పోయిన కొత్తలో నన్ను బడిలో వేశారు. పంతులు ఇంటిపేరు అడిగితే "బాలమ్మోళ్లం సార్" అన్నాను. తరగతంతా నవ్వింది.

"ఆడమనిషి పేరు ఇంటిపేరైతదా? మీ నాయినదేంది?"

నాకు తెలియదు. ఆయనే ఎవరినో అడిగి, మా నాయన వదులుకొని వచ్చిన 'గడ్డమీది' అనే పేరు రాసుకున్నాడు. ఇంట్లో చెబితే మా నాయన చిన్నబోయాడు. "గా పేరు నేనే ఇడిసిపెట్టొచ్చిన. పొల్లకెందుకు తగిలిచ్చిండు? రేపు పొయ్యి మార్పిచ్చుకొస్త" అన్నాడు. అమ్మమ్మ పోనివ్వలేదు.

"రాస్కోనియ్ తియ్యి. గాయిన రాస్తే మనం మారుతమా?"

ఊరంతా ఎరిగిన పేరును ఒక కాగితం ఏం చేస్తుందని ఆమె ధీమా.

నాలుగేళ్లకు ఆమె పోయింది. దినాలు కాకముందే మా మేనమామ కోట్‌పల్లి నుంచి వచ్చి, పంతులు దగ్గర రాయించుకున్న నా బడి కాగితం పట్టుకొని చావడిలో కూర్చున్నాడు. "పిల్ల గడ్డమీదోళ్లది. బడిల గట్లనే రాసున్నది. నన్ను కన్న అవ్వ చెల్క పరాయింటోళ్లకెట్ల పోతది?" అన్నాడు.

మా అమ్మ అందరి ముందూ లేచి నిలబడింది. "నీ వంతు ఎడ్లు తోల్కపోయినవ్ కదా అన్నా. గప్పుడు యాదికి రాలేదా గీ మాట?"

మామ తల వంచుకున్నాడు. పెద్దమనుషులు మాత్రం వంచుకోలేదు. ఏటా మా ఇంటి బోనానికి దండం పెట్టినవాళ్లే, మా ఇంటి పప్పు తిన్నవాళ్లే, కాగితం అటూ ఇటూ తిప్పి చూసి చెల్క కొడుకుదేనని తేల్చేశారు. సిగ్గులేని మనుషులు. ఆ ఏడు మా అమ్మ తన చెల్కలోనే కూలికి పోయి కలుపు తీసింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా కడుపు మండుతోంది.

మొన్నామధ్య ఊరికి వెళ్లాను. చెల్క నిండా నాపరాళ్లకు పాలిష్ పట్టే షెడ్లు. ఇల్లు లేదు, ఇసుర్రాయి మోత లేదు, నాగలితో గడప దాటే అల్లుడూ లేడు. బాలమ్మోళ్ల ఇల్లు ఎక్కడుండేదని షెడ్డు దగ్గర ఒకాయనను అడిగాను.

"బాలమ్మనా? ఎవరి పెండ్లాం?" అన్నాడు.

ఆమె మొగుడెవరో నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరికీ అది తెలుసుకోవలసిన అవసరం రాలేదు.