బుధవారం పదకొండు గంటల రద్దీ

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, వేసవి మొదట్లో నన్ను విజయనగరం ట్రాఫిక్ స్టేషన్‌కు సబ్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. అంతకుముందు శ్రీకాకుళం జిల్లాలో మామూలు పోలీస్ స్టేషన్లలోనే పనిచేశాను. కానిస్టేబుల్‌గా చేరి మెట్టు మెట్టుగా పైకొచ్చినవాణ్ణి కాబట్టి దొంగలు, తగాదాలు, బందోబస్తులు నాకు కొత్త కాదు. ట్రాఫిక్ మాత్రం కొత్త. ఇందులో ఏముంది, ఈల ఊదితే ఆగుతారు, చెయ్యి ఊపితే కదులుతారు అనుకుంటూ చేరాను. రిటైర్‌మెంట్ దగ్గర పడుతోంది, మిగిలిన కాలం హాయిగా గడిచిపోతుందనుకున్నాను.

ట్రాఫిక్ పనికో పద్ధతి ఉంది. కూడలిలో ఒక మనిషి నిలబడే చోటును మేం పాయింటు అంటాం. పాయింట్లు ఎక్కువ, మనుషులు తక్కువ. అందుకని పొద్దున్న బడులు, కాలేజీలు, ఆఫీసుల వేళ ఉన్నవాళ్ళందరినీ రోడ్డు మీద నిలబెట్టి, పదిన్నర దాటగానే చాలామందిని వెనక్కి పిలిచేస్తాం. కోర్టు పనులు, చలానాల పనులు, కాస్త నడుం వాల్చడం అప్పుడే. సాయంత్రం మళ్ళీ అందరూ పాయింట్లకు వెళ్ళాలి. ఈ రెండు పూటలే పీక్ అవర్. మధ్యలో రోడ్డు దానంతటదే నడుస్తుందని మా ధీమా. నేను వచ్చేసరికే ఈ ఏర్పాటు ఉంది, నేనూ దాన్నే కొనసాగించాను.

ఆసుపత్రుల వీధి ఒక్కటి మాత్రం మా మాట వినేది కాదు. వీధి అసలు పేరు వేరే ఉంది. రెండు పక్కలా నర్సింగ్ హోములు, మందుల షాపులు, స్కానింగ్ సెంటర్లు నిండిపోవడంతో ఊళ్ళో అందరూ అలాగే పిలుస్తారు. పొద్దున్న తొమ్మిదికి అక్కడ క్రికెట్ ఆడుకోవచ్చు. మా మనుషులు వెనక్కి వచ్చేశాక, పదకొండు దగ్గర్నుంచి ఒంటిగంట దాకా చీమ దూరే సందు ఉండేది కాదు. షాపులవాళ్ళు ఫోన్లు, డాక్టర్లు ఫోన్లు. మా డీఎస్పీ గారు నన్ను పిలిచి, ఆఫీసులకు వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళిపోయాక కూడా రోడ్డు మీద ఇంతమంది ఎందుకున్నారో ముందు తెలుసుకోమన్నారు.

స్టేషన్‌లో ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది: పనీపాటా లేక తిరుగుతున్నారు. నాకూ అదే నిజమనిపించింది. బత్తాయి బళ్ళు, కొబ్బరిబొండాల బళ్ళు వెనక్కి జరిపించాను. వీధిని వన్ వే చేశాను. రాంగ్ పార్కింగ్ బళ్ళకు చలానాలు రాయించాను. వారం రోజులు అందరిచేతా తిట్లు తిన్నాను గానీ, రద్దీ తగ్గింది లేదు. ఆటోలు ఆపి అడిగితే, ఆసుపత్రికి అన్నారు. ఆసుపత్రుల వీధిలో ఆసుపత్రికి కాక ఇంకెక్కడికి వెళ్తారు! వీళ్ళంతా రోగులే అనుకున్నాను. కానీ ఆటో దిగినవాళ్ళు మహా హుషారుగా కబుర్లాడుకుంటూ మెట్లెక్కేవారు. అదీగాక అన్ని నర్సింగ్ హోముల మంచాలూ కలిపినా అంతమంది పట్టరు.

ఇంకో వింత ఉంది. మంగళవారం వస్తే ఆ వీధి ఖాళీగా ఉండేది. బుధవారం రెట్టింపయ్యేది. ఏ ఊళ్ళో అయినా మంగళవారం సంత ఉందేమో, జనం అటు వెళ్తున్నారేమోనని వాకబు చేయించాను. అదీ కుదరలేదు. చేతికి దొరికినట్టే దొరికి జారిపోయే సంగతిలా ఉంటే ఎవరికైనా ఒళ్ళు మండదా? నాకు మండింది.

అలాంటి ఒక బుధవారం, పదకొండు దాటాక, వైర్‌లెస్ సెట్‌లో కబురొచ్చింది. ఆసుపత్రుల వీధిలో ఒక నర్సింగ్ హోమ్ ముందు అంబులెన్స్ ఇరుక్కుపోయింది. లోపలున్న మనిషికి కడుపులో రక్తం కారుతోంది, వెంటనే విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాలి. బండి గేటు దాటింది గానీ అక్కణ్ణుంచి అడుగు కదలడం లేదు.

మోటార్ సైకిల్ వీధి మూలమీద పడేసి, చేతి మైకు పట్టుకుని పరుగెత్తాను. వీధి నిండా ఆటోలు, గూడ్సు వ్యాన్లు, బైకులు. జనాన్ని నిలబెట్టుకొచ్చిన ట్రాక్టరు తొట్టి కూడా ఒకటి అడ్డంగా ఉంది. మొదట కనిపించిన ఆటోవాణ్ణి వెనక్కి తియ్యమని గద్దించాను. వెనక ఇంకో ఆటో ఉందన్నాడు. ఎవరి కోసం వచ్చావని అడిగాను.

"మా పైడిరాజు కోసం సార్. సూసెల్లిపోతాం, అయిదు నిమిషాలే" అన్నాడు.

వాడి వెనకవాణ్ణి అడిగాను. వాడూ పైడిరాజునే చూడాలి. గూడ్సు వ్యానులో నిలబడ్డ ఆడవాళ్ళు కూడా ఆ పేరే చెప్పారు. అందరిదీ గరివిడి దాటి లోపలికి వెళ్తే వచ్చే ఊరు. పైడిరాజు ఆ ఊళ్ళో ట్రాక్టరు తోలతాడు, దాదాపు అందరి పొలాలూ వాడే దున్నుతాడు. సోమవారం సాయంత్రం దుక్కి దున్నుతుంటే ట్రాక్టరు గట్టు మీంచి ఒరిగి, స్టీరింగ్ కడుపులో గుద్దుకుంది. అప్పుడు బాగానే మాట్లాడాడట. రెండు రోజులు ఉంచి చూద్దామని డాక్టరు గారు చేర్చుకున్నారట. తొట్టిలో ఒక ముసలాయన తువ్వాలుతో విసురుకుంటున్నాడు. సోమవారం తగిలిన దెబ్బకు ఊరంతా ఇవాళే రావాలా, నిన్న కొందరు రాకూడదా అని ఆయన మీద అరిచాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్న మంగళారం కాదేటి బాబూ? మంగళారం నాడు మంచం మీదున్నోడిని ఎవలైనా సూడ్డానికి ఎల్తారా?"

అంత గోలలోనూ నేను నిలబడిపోయాను. ఇన్ని వారాలుగా నేను సంతల్లో వెతుకుతున్న సంగతి ఇది. మంగళవారం రోగిని పరామర్శించకూడదన్న పట్టింపు మా ఇంట్లోనూ ఉంది. మా అమ్మ గడప దాటనిచ్చేది కాదు. పొద్దున్నే ఇంటిపనీ పొలంపనీ చూసుకుని, ఇంత వండుకు తిని బయల్దేరితే ఏ ఊరినుంచైనా ఇక్కడికి చేరేసరికి పదకొండవుతుంది. అంటే నా వీధి నిండుతున్నది రోగులతో కాదు, చూడవచ్చినవాళ్ళతో.

ఆలోచించడానికి అది సమయం కాదు. ఎలాగో అంబులెన్స్ దాకా తోసుకుంటూ వెళ్ళాను. వెనక తలుపు సగం తీసి ఉంది. లోపల మంచం మీద ముప్పై అయిదేళ్ళ మనిషి, మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఒంటినిండా చెమట. పక్కన అతని భార్య సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుంది. నాడి అందడం లేదని టెక్నీషియన్ కంగారుపడుతున్నాడు. పేషెంటు పేరేమిటని అడిగాను.

"పైడిరాజు" అంది ఆవిడ.

ముప్పై ఏళ్ళకు పైగా యూనిఫాం వేసుకున్నాను, శవపంచాయితీలు చేశాను, రైలు కింద పడ్డవాళ్ళను ఏరించాను, కానీ అలాంటి దెబ్బ ఎప్పుడూ తినలేదు. మనిషి ప్రాణం పోతోంది, దారికి అడ్డంగా ఉన్నది శత్రువులు కారు, తాగుబోతులు కారు, పనీపాటా లేనివాళ్ళు అసలే కారు. వాడి మీద ప్రేమతో పనులు మానుకుని వచ్చిన వాడి ఊరివాళ్ళు!

మైకు తీసి గట్టిగా చెప్పాను: మీరు చూడవచ్చిన పైడిరాజు ఈ అంబులెన్స్‌లోనే ఉన్నాడు, ప్రాణం మీదికొచ్చింది, బళ్ళు తీసి దారి ఇవ్వండి. ఈ మాటతో వీధి విడిపోతుందనే అనుకున్నాను. జరిగింది తలకిందులు. అప్పటిదాకా ఆటోల్లో కూర్చున్నవాళ్ళు కూడా దిగి అంబులెన్స్ మీదికి వచ్చేశారు. ఒకామె అద్దానికి మొహం ఆనించి ఏడుస్తోంది. ఇంకొకామె తలుపు సందులోంచి బత్తాయిల సంచీ లోపలికి తోస్తోంది. ఎవరో అమ్మవారి బొట్టు పెట్టాలని చెయ్యి చాపారు. నేను ఈల ఊదుతూనే ఉన్నాను. నా ఈల నాకే వినపడలేదు. ఒక పెద్దమనిషిని రెక్క పట్టుకుని లాగితే విదిలించుకున్నాడు.

"ఒక్కపాలి మొకం సూపించీసి ఎల్లిపోతాను సారూ. రేపు ఆడు లేచినాక, మావ రానేదు అనుకోడేటి?"

అక్కడున్న ప్రతి ఒక్కరి బాధా అదే. తాను రాకపోతే పైడిరాజు నొచ్చుకుంటాడని.

అప్పుడు ఆవిడ దిగింది. పైడిరాజు భార్య, గౌరి. సెలైన్ సీసా టెక్నీషియన్ చేతికిచ్చి, తలుపు దగ్గర నిలబడి ఒక్క కేక పెట్టింది.

"ఆడు సచ్చిపోతాడర్రా! మీకందరికీ మొకం సూపించి సచ్చిపోతాడు, సాలా? రేపు సచ్చిపోయినాక రండి, అందరూ రండి, కూకోబెట్టి సూపిస్తాను. ఇప్పుడు దారొగ్గండి!"

వీధి వీధంతా చప్పబడిపోయింది. మంచం మీదున్నవాడి గురించి, వాడు వింటుండగా, కట్టుకున్న భార్య ఆ మాట అనడం మా వైపు ఎవరూ కని విని ఎరుగరు. అత్తగారు అక్కడే ఉంది. "ఓలమ్మో, ఏటి మాటే అది! ఏటనీసినావే నా కొడుకుని!" అంటూ నోరు కొట్టుకుని కూలబడింది. జనం అంబులెన్స్ నుంచి ముట్టరానిదాన్ని ముట్టినట్టు వెనక్కి జరిగారు. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆటోలను నలుగురేసి మగవాళ్ళు చేతులతో ఎత్తి అరుగుల మీద పెట్టేశారు. ట్రాక్టరు తొట్టిని విప్పి సందులోకి తోసేశారు. నేను వారాల తరబడి చెయ్యలేనిది వాళ్ళు చూస్తుండగా చేసేశారు.

మిగిలింది మా పని, అది మాకు వచ్చు. వైర్‌లెస్‌లో దారి పొడవునా పాయింట్లలో మిగిలి ఉన్నవాళ్ళకు చెప్పి అడ్డు వాహనాలన్నీ ఆపించాను. దీన్ని గ్రీన్ ఛానల్ అంటారు. కొత్తవలస వైపు కాకుండా ఆనందపురం మీదుగా వెళ్ళమని డ్రైవరుకు చెప్పి, ఊరి పొలిమేర దాకా ముందు నేనే మోటార్ సైకిల్ మీద వెళ్ళాను. సాయంత్రానికి కబురొచ్చింది. ఆపరేషన్ అయింది, మనిషి దక్కాడు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని అక్కడి డాక్టర్లు అన్నారట.

డీఎస్పీ గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఏర్పాటు మార్చడానికి ఆయన ఒప్పుకున్నారు. ఆ వీధికి తొమ్మిదికి కాక పదకొండుకు మనుషుల్ని వేశాం. బుధవారం అదనంగా వేసి, మంగళవారం వాళ్ళకు సెలవిచ్చాం. ఊళ్ళనుంచి వచ్చే బళ్ళు వీధి మొదట్లోని ఖాళీ స్థలంలో ఆగాలి, అక్కణ్ణుంచి నడవాలి. రద్దీ పోలేదు, అంబులెన్స్‌కు దారి మాత్రం ఉండేది. ఆ తర్వాత నేను మిగతా రోడ్లనూ అలాగే చూడటం మొదలుపెట్టాను. మధ్యాహ్నం పన్నెండుకు రోడ్డు మీద ఉన్నవాడు భోజనాల పిలుపుకో, చావింటికో, పిల్లను చూడటానికో, బ్యాంకులో తమ్ముడికి హామీ సంతకం పెట్టడానికో వెళ్తుంటాడు. ఉద్యోగం ఉన్నవాడు రోడ్డును రోజుకు రెండుసార్లే వాడుకుంటాడు. మిగతా రోజంతా జనం ఒకళ్ళ కోసం ఒకళ్ళు తిరుగుతూనే ఉంటారు.

వర్షాకాలం మొదలయ్యాక గౌరీ పైడిరాజూ మళ్ళీ డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చి, వీధి మొదట్లో నన్ను గుర్తుపట్టి ఆగారు. పైడిరాజు సగమయ్యాడు గానీ నడుస్తున్నాడు. ఊరివాళ్ళెవరూ వెంట రాలేదేమని నవ్వుతూ అడిగాను.

"ఎవలొస్తారు సారూ? నా పెళ్ళాం నన్ను సావమంది" అన్నాడు పైడిరాజు. నవ్వుతున్నాడనుకున్నాను. నవ్వడం లేదు.

ఆవిడ మొహం చూసి సంగతి అడిగాను. అత్తగారు ఆవిడ చేతి నీళ్ళు ముట్టడం లేదట. ఊళ్ళో పేరంటాలకు పిలుపు లేదట. మొగుడు బతికాడు కదా అంటే, బతికాడు గానీ ఆ మాట అనేసింది కదా అంటున్నారట. ఆ రోజు దారికి అడ్డంగా నిలబడినవాళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. చూడవచ్చినవాళ్ళను ఎవరేమంటారు? ఆవిడ తరఫున ఊరికి వచ్చి నేను చెప్తానన్నాను. వద్దంది.

"మీరు సెప్తే ఇంటారా? ఆ రోజు మీ ఈల ఇన్నారేటి?" అంది. అని, మొగుడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

రోడ్డు మీదికి మనిషి ఎందుకొచ్చాడో తెలుసుకోకుండా అతణ్ణి పక్కకు జరపలేమని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. మంచి కోసం వచ్చినవాణ్ణి జరపడం మరీ కష్టం. ఆ బుధవారం ఆసుపత్రుల వీధిలో దారి క్లియర్ చేసింది నేనేనని స్టేషన్ రికార్డులో ఉంది. క్లియర్ చేసింది గౌరి. అందుకు ఆవిడ ఊరు ఆవిడతో మాట్లాడటం మానేసింది.